మండలం వానను ఉపగ్రహంతో లెక్కగట్టే ముందు

రెండు తెలుగు రాష్ట్రాల్లో మండలాల వారీ వర్షపాతం పట్టికలు తయారుచేసే అధికారులకు, వాతావరణ ఆధారిత పంటల బీమా షరతులు రాసే కమిటీలకు, ఆ షరతుల మీద టెండర్లు వేసే కంపెనీలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

వాన కొలిచే రెయిన్‌గేజ్ లేని చోట, ఉన్నా పనిచేయని రోజున, ఉపగ్రహ వర్షపాతాన్నే ప్రమాణంగా తీసుకోవాలన్న ఆలోచన బలపడుతోంది. ఆలోచన మంచిదే. ఉపగ్రహ డేటాతో రోజూ పనిచేసే మాకు అభ్యంతరం ఉన్నది దాన్ని కాగితం మీద పెట్టే తీరు మీద. "ఉపగ్రహ వర్షపాతం" అని రెండు మాటలు రాసి వదిలేస్తే అది ఏ డేటా, అందులో ఎన్నో వెర్షన్, మ్యాపును విభజించిన చదరాల్లో ఏ గడి, రోజు ఎన్ని గంటలకు మొదలై ఎన్నింటికి ముగుస్తుంది అన్నవి ఎవరికి కావలసినట్టు వాళ్ళు చెప్పుకోవచ్చు. ఒకే మండలానికి ఒకే రోజున ఇద్దరు నిజాయితీపరులు 12 మి.మీ. అనీ 40 మి.మీ. అనీ చెప్పగలరు, ఇద్దరి దగ్గరా ఉపగ్రహ డేటాయే ఉంటుంది. క్లెయిము ఇవ్వాలా వద్దా అన్నది ఆ తేడా మీదే తేలుతుంది.

పైనుంచి వానను చూసే కళ్ళు మూడు రకాలు. వాటి బలహీనతలు వేరువేరు. షరతులు రాసేవాళ్ళకు ఈ తేడా తెలిసి తీరాలి కాబట్టి కాస్త వివరంగా చెబుతున్నాం.

మొదటిది పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కెమెరా. ఇన్సాట్-3డీ వరస ఉపగ్రహాలు దాదాపు 36,000 కి.మీ. ఎత్తున భూమధ్యరేఖ పైన నిలబడి అరగంటకో చిత్రం పంపుతాయి. అందులో కనిపించేది మేఘం నెత్తి, తెలిసేది అది ఎంత చల్లగా ఉందన్నది. ఎత్తుగా పెరిగిన మేఘం నెత్తి చల్లగా ఉంటుంది, అలాంటి మేఘం గట్టిగా కురుస్తుంది. లెక్కంతా ఈ నమ్మకం మీదే నడుస్తుంది. దీని తొలినాటి సూత్రం మరీ మోటుది: 235 కెల్విన్ కంటే, అంటే మైనస్ 38 డిగ్రీల కంటే చల్లగా కనిపిస్తే గంటకు 3 మి.మీ. వాన అనుకోవడం. రెండున్నర డిగ్రీల పెద్ద గళ్ళ మీద, చాలా రోజుల సగటుకు అది పనికొచ్చింది. ఇప్పటి పద్ధతులు దానికంటే ఎంతో మెరుగైనవే, మూలంలో ఉన్న లోపం మాత్రం అలాగే ఉంది. ఉరుముల మేఘం కురిసి కురిసి అలిసిపోయాక దాని పైభాగం గొడుగులా పదుల కిలోమీటర్లు పరుచుకుంటుంది. ఆ గొడుగు నెత్తి ఇంకా చల్లగానే ఉంటుంది, కింద చుక్క పడదు. కెమెరా దృష్టిలో అక్కడ వాన ఆగలేదు. దీనికి తిరగబడ్డ కేసు ముసురు. తక్కువ ఎత్తు మేఘాల నుంచి రోజంతా సన్నగా పడుతూనే ఉంటుంది, నెత్తి వెచ్చగా ఉంటుంది గనక కెమెరా లెక్కలో సున్నా.

ఇంకో చిన్న సంగతి, కానీ మండలం లెక్కలో చిన్నది కాదు. 82 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర నిలిచిన ఉపగ్రహం విజయవాడ ప్రాంతాన్ని దక్షిణం నుంచి ఏటవాలుగా చూస్తుంది. 15 కి.మీ. ఎత్తున్న మేఘం నెత్తి దాని చూపుకు అసలు చోటు కంటే అయిదు కి.మీ. పైగా ఉత్తరాన పడుతుంది. దిద్దుబాటు చేయని చిత్రాన్ని మ్యాపు మీద పరిచి "మేఘం ఈ మండలం మీదే ఉంది" అంటే పక్క మండలం వాన దీని ఖాతాలో పడినట్టే.

రెండో కన్ను మైక్రోవేవ్ రేడియోమీటర్. ఇది మేఘం లోపలికి చూస్తుంది. తనంతట తాను ఏమీ ప్రసారం చేయదు, కింది నుంచి వచ్చే సహజమైన మైక్రోవేవ్ వెలుగును పట్టుకుంటుంది. సముద్రం ఈ వెలుగులో మసకగా, చల్లగా కనిపిస్తుంది. దాని మీద వాన పడుతుంటే నీటి బొట్లు వెచ్చగా మెరిసి స్పష్టంగా బయటపడతాయి. అందుకే బంగాళాఖాతంలో తుపాను వాన అంచనా అంత బాగా వస్తుంది. నేల కథ వేరు. నేల కూడా బొట్లంత ప్రకాశంగానే ఉంటుంది కాబట్టి బొట్లు అందులో కలిసిపోతాయి. అప్పుడు మిగిలిన దారి ఒక్కటే: మేఘం పైభాగంలోని మంచు గింజలు కింది వెలుగును పక్కకు చెదరగొట్టగా ఏర్పడే నీడను 89 గిగాహెర్ట్జ్, అంతకు పైబడిన చానెళ్ళలో వెతకడం. అంటే నేల మీద మైక్రోవేవ్ కొలిచేది పైనున్న మంచును. ఆ మంచు నుంచి కింద ఎంత వాన పడి ఉంటుందో పట్టికల సాయంతో ఊహిస్తుంది. మంచు దాకా ఎదగని మేఘం కొండవాలును పట్టుకుని గట్టిగా కురిస్తే ఇదీ తక్కువే చెబుతుంది. పడమటి కనుమల్లో వాన తగ్గి కనిపించడానికి ముఖ్య కారణం ఇదే.

తీరంలో మరో చిక్కు ఉంది. ప్రపంచమంతటా వానను కొలిచే జీపీఎం పథకం ప్రధాన ఉపగ్రహంలోని రేడియోమీటరు 89 గిగాహెర్ట్జ్ చానెల్లో ఒక చూపుకు సుమారు 7 కి.మీ. పొడవు, 4 కి.మీ. వెడల్పు ముక్కను చూస్తుంది. 10 గిగాహెర్ట్జ్ చానెల్లో ఆ ముక్క 32 కి.మీ. పొడవు, 19 కి.మీ. వెడల్పు. కోనసీమలోనో కాకినాడలోనో ఆ ముక్కలో సగం సముద్రం, సగం వరిచేలు. సముద్రానికి ఒక లెక్క, నేలకు ఇంకో లెక్క, రెండూ కలిసిన చోట ఏదీ సరిగా నప్పదు. తీర మండలాలకు ఉపగ్రహం అంకెను ఒక్కదాన్నే పట్టుకుని డబ్బు చెల్లింపు తేల్చకండి.

మూడో కన్ను రాడార్. వాన కొలిచే రాడార్‌ను తొలిసారి అంతరిక్షానికి మోసుకెళ్ళింది టీఆర్‌ఎంఎం ఉపగ్రహం, 1997 నవంబరులో. దాని వారసుడు అమెరికా, జపాన్ కలిసి 2014 ఫిబ్రవరి చివర తనెగషిమా నుంచి ప్రయోగించిన జీపీఎం ప్రధాన ఉపగ్రహం. టీఆర్‌ఎంఎం 35 డిగ్రీల అక్షాంశం దాటలేదు, జీపీఎం 65 డిగ్రీల దాకా వెళ్తుంది. రాడార్ ప్రతిధ్వని బొట్టు వ్యాసం ఆరో ఘాతం ప్రకారం పెరుగుతుంది. 4 మి.మీ. బొట్టు ఒక్కటి, 2 మి.మీ. బొట్లు అరవై నాలుగు ఇచ్చేంత ప్రతిధ్వని ఇస్తుంది. నీళ్ళు మాత్రం ఎనిమిది బొట్లకు సరిపడానే. బొట్ల సైజు తెలియకపోతే అంచనా ఎటైనా పోవచ్చన్నమాట. అందుకే జీపీఎంలో 13.6, 35.5 గిగాహెర్ట్జ్ అని రెండు రాడార్లు పెట్టారు. రెండింటి ప్రతిధ్వనుల తేడా నుంచి బొట్ల సైజు లాగుతారు. ఉన్నవాటిలో నమ్మదగిన కన్ను ఇదే. దీనికీ రెండు పరిమితులు ఉన్నాయి. నేల నుంచి వచ్చే ప్రతిధ్వని అడ్డుపడటంతో అడుగున ఒకటి రెండు కిలోమీటర్లు దీనికి కనపడదు. పైగా చూపు వెడల్పు సుమారు 250 కి.మీ. మాత్రమే. మన అక్షాంశాల్లో ఒక ఊరి మీద ఆ చూపు పడేది సగటున నాలుగైదు రోజులకోసారి. పడినప్పుడూ, ఉపగ్రహం సెకనుకు ఏడు కిలోమీటర్ల పైన పరుగెత్తుతుంది కాబట్టి పది కిలోమీటర్ల గడిని ఒకటిన్నర సెకనులో దాటేస్తుంది.

మీ బల్ల మీదికి వచ్చే అంకె ఈ మూడింటినీ కలిపి వండినది. నాసా వాళ్ళ ఐమెర్గ్, జపాన్ వాళ్ళ జీఎస్‌మ్యాప్ ఇలాంటివే. రెండూ 0.1 డిగ్రీ గళ్ళలో వస్తాయి, ఐమెర్గ్ అరగంటకు, జీఎస్‌మ్యాప్ గంటకు. ఐమెర్గ్‌లో జీపీఎం రాడారు, రేడియోమీటరు కలిసి కొలబద్ద. ఇతర ఉపగ్రహాల మైక్రోవేవ్ పరికరాలను ఆ కొలబద్దకు సరిచూస్తారు. రెండు మైక్రోవేవ్ చూపుల మధ్య ఖాళీలో వానను గాలి కదలికతో పాటు ముందుకు జరుపుకుంటూ పోతారు. ఆ ఖాళీ మరీ పెరిగితే పరారుణ అంచనాను కలుపుతారు. ఆ ఇతర ఉపగ్రహాల్లో చాలా వాటికి మన మీదుగా వెళ్ళే వేళలు దాదాపు స్థిరం. కొన్ని రాత్రి, మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో, కొన్ని ఉదయం, రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో. వేసవి చివర మన మెట్ట ప్రాంతాల ఉరుముల వాన సాయంత్రం నాలుగింటికి పుట్టి ఏడింటికి చచ్చిపోతుంది. ఏ చూపూ పడకుండానే అది వచ్చి వెళ్ళిపోవచ్చు. ఆ పూట మీ అంకెలో ఉన్నది పరారుణం ఊహించినదే.

ఈ సందర్భంలో మేఘా-ట్రోపిక్స్‌ను గుర్తుచేసుకోక తప్పదు. ఇస్రో, ఫ్రాన్సు అంతరిక్ష సంస్థ కలిసి తయారుచేసిన ఈ ఉపగ్రహాన్ని 2011 అక్టోబరు 12న శ్రీహరికోట నుంచి పంపారు. భూమధ్యరేఖకు 20 డిగ్రీల వాలు కక్ష్య కావడంతో మన రెండు రాష్ట్రాల మీదికి రోజుకు ఎన్నోసార్లు, వేర్వేరు వేళల్లో వచ్చేది. వానను చూసే మాడ్రాస్ పరికరం 2013 జనవరిలోనే మూగబోయింది. తేమను కొలిచే సఫీర్ ఏళ్ళ తరబడి పనిచేసి ఇలాంటి వర్షపాత అంచనాలకు సాయపడింది. 2023 మార్చి 7న ఇస్రో ఆ ఉపగ్రహాన్ని కావాలనే దించి పసిఫిక్ మీది వాతావరణంలో కాల్చేసింది. అంటే పదేళ్ళ నాటి అంకె వెనకున్న చూపుల సంఖ్య, నేటి అంకె వెనకున్న చూపుల సంఖ్య ఒకటి కావు. ప్రీమియం కట్టడానికి పాత ఏళ్ళ చరిత్రను వాడేవాళ్ళు ఇది మరచిపోకూడదు.

ఇక గడి సంగతి. మన దగ్గర 0.1 డిగ్రీ గడి అంటే సుమారు 118 చదరపు కి.మీ. సగటు మండలానికి ఒకటిన్నర, రెండు గళ్ళు వస్తాయి. మన దగ్గర మామూలుగా వాడే ఒక రకం రెయిన్‌గేజ్ మూతి 200 చదరపు సెంటీమీటర్లు, అన్నం కంచం అంత కూడా లేదు. కంచం మీద పడ్డదీ 118 చదరపు కి.మీ. మీద సగటుగా పడ్డదీ ఒకటే అవ్వాలని కోరుకోవడమే పొరపాటు. 2023 జులై 27 ఉదయం ఎనిమిదిన్నరకు ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మి.మీ. నమోదైంది. అలాంటి కుంభవృష్టి నడిబొడ్డు 20 చదరపు కి.మీ. ఉందనుకుందాం, అక్కడ సగటున 600 మి.మీ., గడిలో మిగతా 98 చదరపు కి.మీ.లో 150 మి.మీ. పడిందనుకుందాం. గడి సగటు 226 మి.మీ. అవుతుంది. ఉపగ్రహం ఏ తప్పూ చేయకుండా, ఉన్నదున్నట్టు చూసినా చెప్పేది ఆ 226నే. అంచేత ఒక్క రోజు అతిభారీ వానకు గేజ్ మీద పెట్టిన పరిహారపు హద్దు గీతనే ఉపగ్రహం మీదా పెడితే ఆ గీత దాటడం చాలా అరుదు.

బెట్ట విషయంలో ఇదే తిరగబడి రైతును దెబ్బతీస్తుంది. అనంతపురం వేరుశనగకు ఊడలు దిగే దశలో వరసగా ఇన్ని రోజులు 2.5 మి.మీ. కంటే తక్కువ పడితే పరిహారం అన్న తరహా షరతు తీసుకోండి. 118 చదరపు కి.మీ. గడిలో నాలుగో వంతు మీద 12 మి.మీ. జల్లు పడి, మిగతా మూడు వంతులు ఎండిపోతే సగటు 3 మి.మీ. ఉపగ్రహం లెక్కలో గడి మొత్తానికి అది వాన రోజు. బెట్ట రోజుల లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతుంది. ముప్పాతిక గడిలో చేలకు పదును చేరలేదు, కాగితం మీద చేరింది. దీనికి ఆవిరి వాన కూడా తోడవుతుంది. పొడి గాలిలో ఒకటిన్నర కిలోమీటరు ఎత్తున రాడార్ చూసిన జల్లు నేలను తాకకముందే ఆవిరైపోతుంది. మెట్ట సీమలో ఇది కొత్త కాదు. ఎదురుగా వాన కాళ్ళు దిగుతున్నట్టు కనిపిస్తాయి, కింద దుమ్ము కూడా అణగదు.

దీనికి విరుగుడు ఉంది, కష్టమైనదీ కాదు. ఉపగ్రహానికి 2.5 మి.మీ. గీతను యథాతథంగా వాడకండి. ఆ మండలంలో నమ్మకమైన గేజ్ ఉన్న పదేళ్ళు తీసుకోండి. సీజనుకు సగటున గేజ్ ఎన్ని వాన రోజులు చూపించిందో లెక్కపెట్టండి, నలభై అనుకుందాం. అవే సీజన్ల ఉపగ్రహ అంకెలను పెద్దది మొదలు చిన్నది వరకు పేర్చి, సీజనుకు సగటున నలభై రోజులే మిగిలేచోట గీత గీయండి. ఆ గీత ఒక మండలంలో 4 మి.మీ. దగ్గర పడొచ్చు, ఇంకో మండలంలో 6 దగ్గర పడొచ్చు. అదే ఆ మండలానికి ఉపగ్రహ వాన రోజు. వీలైన ప్రతిచోటా రోజు లెక్క మానేసి పది రోజుల మొత్తం వాడండి. ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అన్న తప్పులు పది రోజుల్లో చాలావరకు ఒకదాన్నొకటి సర్దుకుంటాయి.

టెండర్లలో మేం అన్నిటికంటే ప్రమాదకరంగా చూసేది ఇంకొకటి. ఐమెర్గ్ మూడు విడతలుగా వస్తుంది. ఎర్లీ సుమారు నాలుగు గంటలకు, లేట్ పన్నెండు పద్నాలుగు గంటలకు, ఫైనల్ సుమారు మూడున్నర నెలలకు. ఎర్లీలో వానను ముందుకు మాత్రమే జరపగలరు. తర్వాతి చూపు కూడా చేతికొచ్చాక ముందు వెనకలు రెండూ చూసి సర్దేది లేట్. ఫైనల్‌లో నెలవారీ మొత్తాన్ని జర్మనీలోని ప్రపంచ వర్షపాత కేంద్రం సేకరించిన గేజ్‌లతో సరిచేస్తారు. మన మండల గేజ్‌లలో ఎక్కువ భాగం ఆ సేకరణలో ఉండవు. పైగా సరిచేసేది నెల మొత్తాన్నే, ఆ నెలలో ఒకానొక రోజు తప్పును కాదు. ఇప్పుడు జరిగేది చూడండి. ఇరవై ఏళ్ళ చరిత్ర కావాలంటే దొరికేదీ, శుభ్రంగా ఉండేదీ ఫైనల్, కాబట్టి ప్రీమియం దాని మీద కడతారు. క్లెయిము మూడున్నర నెలలు ఆగదు, కాబట్టి లేట్ మీదో ఎర్లీ మీదో తేలుస్తారు. రెండింటి మధ్య ఒక మండలంలో పది శాతం తేడా ఉంటే ఆ పది శాతం ఏటా ఒకే పక్షానికి పోతుంది. ఒక సీజను కంపెనీకి, ఒక సీజను రైతుకు అన్నది ఉండదు. దీనికితోడు 2023లో ఏడో వెర్షన్ విడుదల మొదలైంది. ఆరో వెర్షన్ మీద గీసిన గీతను ఏడో వెర్షన్‌కు వాడితే పాత తరాజు రాళ్ళతో కొత్త తరాజులో తూచినట్టు. చరిత్ర, చెల్లింపు రెండూ ఒకే విడత, ఒకే వెర్షన్ మీద ఉండాలి. లేట్ విడతకు కూడా పాత ఏళ్ళ డేటా దొరుకుతుంది. దాన్నే వాడమని మా సలహా.

ఫైలు తెరిచాక జరిగే పొరపాట్లు మరీ చిన్నవి, నష్టం మాత్రం పెద్దది. అరగంట ఫైల్లో ఉండేది గంటకు ఇన్ని మి.మీ. అన్న వేగం. 48 ఫైళ్ళను నేరుగా కూడితే వాన రెట్టింపు అవుతుంది. ప్రతిదాన్నీ 0.5తో గుణించి కూడాలి. సమయం యూటీసీలో, అంటే మన గడియారం కంటే అయిదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ సమయంలో ఉంటుంది. ఐమెర్గ్ రోజువారీ ఫైలు యూటీసీ అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా, అంటే మనకు ఉదయం 5.30 నుంచి మర్నాడు 5.30 దాకా. మన వాతావరణ శాఖ రోజు ఉదయం 8.30 నుంచి 8.30 దాకా, పైగా ముగిసిన తేదీతో పిలుస్తారు. లక్ష్మీదేవిపేట వాన మన పట్టికలో జులై 27, రోజువారీ ఉపగ్రహ ఫైల్లో దాని సింహభాగం జులై 26. రోజువారీ ఫైలు వాడొద్దు. ముందురోజు 03:00 యూటీసీకి మొదలయ్యే ఫైలు నుంచి ఆ రోజు 02:30కి మొదలయ్యే ఫైలు వరకు 48 అరగంటలు తీసుకోండి, అచ్చంగా మన రోజు వస్తుంది. డేటా లేని గడిలో -9999.9 ఉంటుంది. దాన్ని తీసేయకుండా సగటు కడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. దాన్ని సున్నాగా మార్చడం ఇంకా చెడ్డది. తప్పు కంటికి కనపడకుండా పోతుంది.

గడిని ఎంచుకోవడంలో జరిగే తప్పు ఒక్కటి దగ్గరగా చూపిస్తాం. 16.52 ఉత్తరం, 80.63 తూర్పు బిందువు తీసుకోండి. రేఖాంశానికి 180 కలిపి 0.1తో భాగించి దశాంశం వదిలేస్తే 2606, అక్షాంశానికి 90 కలిపి అలాగే చేస్తే 1065. సున్నా నుంచి లెక్కపెడితే ఇవే గడి నంబర్లు, ఆ గడి నడిమధ్య 16.55, 80.65. ఫైల్లో ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం ఉంటాయి, అక్షాంశం దక్షిణం నుంచి మొదలవుతుంది. చిత్రంగా చూసుకోవడానికి ఎవరో ఉత్తరాన్ని పైకి తిప్పి భద్రపరిచారనుకోండి. ఇప్పుడు 1065వ వరస 16.5 డిగ్రీల దక్షిణానికి పోతుంది. ప్రోగ్రాం ఎక్కడా ఆగదు, తప్పు చూపించదు, అంకెలు చక్కగా వస్తూనే ఉంటాయి. అవి విజయవాడ పక్కవి కావు, హిందూ మహాసముద్రం మధ్యవి. దీన్ని పట్టుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. అందరికీ గుర్తున్న ఒక పెద్ద వాన రోజు తీసుకుని, మీ పద్ధతిలో వచ్చిన అంకెనూ, ఆ రోజు మ్యాపునూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇంకా మంచిది, మండలం సరిహద్దును గళ్ళ మీద పరిచి, ఏ గడి ఎంత వంతు మండలంలో ఉందో ఆ వంతున సగటు కట్టడం. మండల కేంద్రం ఉన్న గడి ఒక్కదాన్నే తీసుకోవడం సోమరి పద్ధతి.

అదే ఫైల్లో ఎవరూ తెరవని పొరలు ఉంటాయి. ఆ అరగంటలో మైక్రోవేవ్ చూపు పడిందా, పడితే ఏ పరికరం, ఏ నిమిషంలో, పరారుణం వాటా ఎంత, నాణ్యత సూచిక ఎంత అన్నవి అందులోనే రాసి ఉంటాయి. అరగంట నాణ్యత సూచిక 0.6 పైన ఉంటే ధీమాగా వాడొచ్చు, 0.4 కింద ఉంటే అనుమానించాలి. క్లెయిము తేల్చే రోజున ఈ పొరలను కూడా పట్టికలో చేర్చితే సగం వివాదాలు అక్కడే తీరతాయి. అది చూసిన వానో ఊహించిన వానో రైతుకు చెప్పే ఒకే ఒక్క ఆధారం ఇది.

మనకు మంచు కురవదు కదా, ఆ సంగతి మనకెందుకు అని అడుగుతారు. వర్షాకాలంలో మన మీద సుమారు అయిదు కిలోమీటర్ల ఎత్తు దాటితే మంచు మొదలవుతుంది, మన గట్టి వానల్లో చాలావరకు పైన మంచు దశను దాటి వచ్చినవే. జీపీఎం రేడియోమీటర్లో 166, 183 గిగాహెర్ట్జ్ చానెళ్ళు పెట్టింది ముఖ్యంగా ఉత్తర దేశాల్లో కురిసే మంచును పట్టడానికి. అక్కడ కష్టం వేరు. మంచు గింజ రాడార్‌కు నీటి బొట్టుతో పోలిస్తే చాలా బలహీనంగా ప్రతిధ్వనిస్తుంది. నేల మీద ముందే పేరుకున్న మంచు, గాలిలో పడుతున్న మంచు రేడియోమీటరుకు ఒకలాగే కనిపిస్తాయి. అందుకే మంచు కప్పిన నేల మీద ఐమెర్గ్ మైక్రోవేవ్ అంచనాను పక్కన పెడుతుంది. హిమాలయాల శీతాకాలపు అంకెలను మేం నమ్మకపోవడానికి ఇదే కారణం. మనకు తగిలే ముక్క వడగళ్ళు. మార్చి, ఏప్రిల్‌లో తెలంగాణలో వడగళ్ళ వాన పడితే ఆ పెద్ద గడ్డలు అధిక పౌనఃపున్య చానెళ్ళలో నీడను విపరీతంగా పెంచుతాయి. లెక్క దాన్ని కుంభవృష్టి అనుకుంటుంది. మామిడి రాలిపోయిన రోజున ఉపగ్రహం 60 మి.మీ. అంటే, గేజ్ 15 అంటే, గేజ్‌ను తప్పుపట్టే ముందు వడగళ్ళ కబురు కనుక్కోండి.

ఇంతా చెప్పి గేజ్‌లు దేవుళ్ళని మేం అనడం లేదు. తెలంగాణలోనే వెయ్యికి పైగా ఆటోమేటిక్ వెదర్ స్టేషన్లున్నాయి, అంత దట్టమైన వల దేశంలో చాలా చోట్ల లేదు. ఆ వలకు పట్టే జబ్బులు ఇవి: గరాటులో పిచ్చుక గూడు, ఆకులు, దుమ్ము. కందిరీగలు పెట్టిన మట్టి కూడా ఉంటుంది. గరాటు పూడితే నీళ్ళు కిందికి దిగవు, యంత్రం బతికే ఉంటుంది, క్రమం తప్పకుండా సున్నా పంపిస్తూనే ఉంటుంది. పాడైన గేజ్ పంపే సున్నాకూ, ఎండగా ఉన్న రోజు సున్నాకూ పట్టికలో తేడా ఉండదు. ఉపగ్రహం అసలైన ప్రయోజనం మా దృష్టిలో ఇక్కడే ఉంది. చుట్టూ ఉన్న నాలుగు గేజ్‌లు, ఆ గడి ఉపగ్రహ అంకె మూడు రోజుల్లో 50 మి.మీ. పైన చెబుతుంటే, మధ్యలో ఒక్క గేజ్ సున్నా అంటుంటే మర్నాడే అక్కడికి మనిషిని పంపాలి. ఆ మూడు రోజుల సున్నాలను "డేటా లేదు" అని మార్చాలి.

ఉపగ్రహం నిజంగా బలమైన చోటు ఇంకొకటి చెప్పకపోతే అన్యాయం. గోదావరిలో కలిసే ఇంద్రావతి పరీవాహక ప్రాంతం నలభై వేల చదరపు కి.మీ. పైచిలుకు, ఉపగ్రహం లెక్కలో మూడు వందల గళ్ళకు పైనే. అన్ని గళ్ళ సగటులో విడివిడి తప్పులు చాలావరకు కరిగిపోతాయి. ఆ అడవుల్లో గేజ్‌లు తక్కువ, నీళ్ళు భద్రాచలం చేరడానికి వ్యవధి ఉంటుంది. 43 అడుగుల మొదటి హెచ్చరిక ఎప్పుడు వస్తుందో ఊహించడానికి నాలుగు గంటలు ఆలస్యంగా వచ్చే ఎర్లీ డేటా కూడా పనికొస్తుంది. ప్రాణహితకూ ఇదే మాట. బుడమేరుకు, హైదరాబాద్ నాలాలకు మాత్రం కాదు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో విజయవాడ మీద పడ్డ లాంటి వానకు నాలుగు గంటల ఆలస్యం అంటే నీళ్ళు ఇళ్ళలోకి వచ్చేశాక కబురు రావడం. అక్కడ చూడాల్సింది మచిలీపట్నం డాప్లర్ రాడార్‌నూ, నిమిషాల మీద కబురు పంపే గేజ్‌లనూ.

కాబట్టి మేం కోరేది ఇది. ఉపగ్రహం పేరెత్తిన ప్రతి షరతులో డేటా పేరు, విడత, వెర్షన్, రోజు హద్దులు, గళ్ళ సగటు కట్టే పద్ధతి రాయండి. సీజను మధ్యలో వెర్షన్ మారితే ఏం చేస్తారో కూడా ముందే రాయండి. ఇది మరచిపోతే సీజను మధ్యలో గొడవ ఖాయం. మండల గేజ్‌ల గంటవారీ అంకెలను సరిచేయకముందువి, సరిచేశాకవి రెండూ అందరికీ డౌన్‌లోడ్‌కు పెట్టండి. మన గేజ్‌లతో ఉపగ్రహాన్ని సరిచేసి మండలానికి ఒక దిద్దుబాటు గుణకం కట్టడం యూనివర్సిటీ విద్యార్థులు ఒక సీజనులో చేయగల పని, డేటా బయట ఉంటే.

మృగశిర కార్తె లోపు ప్రతి గేజ్ దగ్గరా ఒక పని చేయించండి. మూతి 200 చదరపు సెంటీమీటర్లయితే 200 మి.లీ. నీళ్ళు, 20 సెం.మీ. వ్యాసం గరాటైతే 314 మి.లీ. నీళ్ళు కొలిచి పట్టుకెళ్ళాలి. రెండూ 10 మి.మీ. వానతో సమానం. గరాటు తుడిచి, బుడగ మట్టంతో అది సమతలంగా ఉందో చూసి, ఆ నీళ్ళను చుక్కలుగా అరగంట సేపు దించాలి. గేజ్ లోపల చిన్న తొట్టి ఉంటుంది, నిండిన ప్రతిసారీ తిరగబడి వానను లెక్కపెడుతుంది. గబుక్కున పోస్తే అది తిరగబడేటప్పుడు నీళ్ళు లెక్కకు రాకుండా జారిపోతాయి, పరీక్షే తప్పవుతుంది. 0.5 మి.మీ. తొట్టి అయితే 20 సార్లు, 0.2 మి.మీ. తొట్టి అయితే 50 సార్లు తిరగబడాలి. 20కి 18 వస్తే మరలు సరిచేయాలి, 12 వస్తే తొట్టి మార్చాలి. పరీక్ష చేసిన తేదీ, వచ్చిన అంకె ఆ మండలం పట్టికలో ఒక గడిలో రాసి పెట్టండి. ఆ తేదీ లేని గేజ్‌తో ఉపగ్రహాన్ని పోల్చమని మమ్మల్ని అడగొద్దు.

ఇట్లు,
ఉపగ్రహ వర్షపాత డేటాతో పనిచేసే మేము